కొండచరియలు ఎంత దూరం వస్తాయి? అపోహలు - వాస్తవాలు

అపోహ: కొండ పాదానికి దూరంగా ఇల్లు కట్టుకుంటే భయం లేదు.

వాస్తవం: 2024 జూలై 30 తెల్లవారుజామున వయనాడ్‌లో సముద్రమట్టానికి సుమారు 1,550 మీటర్ల ఎత్తున విరిగిన కొండచరియ బురద, బండలు, చెట్లు కలిసిన ప్రవాహంగా మారి, ఏటి వెంట దాదాపు 8 కిలోమీటర్లు సాగినట్లు హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం ఉపగ్రహ చిత్రాల ఆధారంగా తేల్చింది. ముండక్కై, చూరల్‌మల వాసుల్లో చాలామందికి ముప్పు ఏటి దారిన వచ్చింది. అందుకే కొండచరియల ముప్పును అంచనా వేసే మేము స్థలం చూడటానికి వెళ్ళినప్పుడు ఇంటి వెనుక వాలు కంటే ముందు, పక్కనున్న వాగు ఏ గుట్ట నుంచి దిగుతోందో చూస్తాం.

అపోహ: ఈ వాలు ఇదివరకూ జారింది, ఏటి దగ్గరే ఆగింది, ఇకముందూ అక్కడే ఆగుతుంది.

వాస్తవం: నాకు అన్నింటికంటే ప్రమాదకరంగా తోచే నమ్మకం ఇదే. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో ఓసో వద్ద ఒక వాలు 2006లో జారి నదిని అడ్డగించి ఆగిపోయింది; అదే వాలు 2014 మార్చి 22న నదిని దాటి, అవతలి ఒడ్డున ఉన్న ఇళ్ల మీదుగా పోయి, 43 మందిని పొట్టన పెట్టుకుంది. వాలు ఎత్తు సుమారు 180 మీటర్లే. పొడి రాళ్ల రాపిడి లెక్కన చూస్తే అంత ఎత్తు నుంచి జారినది 300 మీటర్లకు అటూఇటూగా ఆగాలి, కానీ అది కిలోమీటరు దాటింది. తేడా మట్టి రేణువుల మధ్య ఖాళీల్లో ఉంది: నీటితో నిండిన వదులు మట్టి కదలగానే కుదించుకుపోతుంది, బయటికి పోయే వ్యవధి లేని నీరు పీడనం పెంచి రేణువులను ఒకదానికొకటి ఆననివ్వదు, దాంతో రాపిడి దాదాపు మాయమవుతుంది. గట్టిగా కూరుకున్న మట్టి కదిలితే వ్యాకోచించి, నీటిని లోపలికి పీల్చుకుని, నెమ్మదిస్తుంది. ఖాళీల నిష్పత్తిలో స్వల్ప మార్పు చాలు, పరుగెత్తే ప్రవాహం నింపాదిగా జారే దిబ్బగా మారుతుందని అమెరికా భూగర్భ సర్వే శాస్త్రవేత్తల గణనలు చూపాయి.

అపోహ: విరిగిన మట్టి ఎంతో, కిందికి చేరేదీ అంతే.

వాస్తవం: తడిసిన వాగు గర్భాన్ని కోసుకుంటూ పోయే ప్రవాహం దారిలోనే అనేక రెట్లు పెరగగలదు.

అపోహ: కొండచరియ ఎక్కడిదాకా వస్తుందో చూపుతూ కంప్యూటర్ నమూనా పటంపై గీసిన గీతకు అవతల అంతా క్షేమం.

వాస్తవం: "ఎన్ని మీటర్లో ఒక్క అంకె చెప్పండి సార్" అని అడిగేవారికి మా జవాబు ఎప్పుడూ రుచించదు. నమూనాలో వాడే రాపిడి విలువలు పాత ఘటనలకు సరిపోయేలా వెనక్కి లెక్కించి తెచ్చినవి. ఎంత పరిమాణం విరుగుతుందన్నది మాత్రం గణించేవారి అంచనా. పటం చేతికొచ్చినప్పుడు గీత ఎక్కడుందో చూసే ముందు, ఎన్ని ఘనపు మీటర్లు అనుకుని గీశారో, అది రెట్టింపైతే గీత ఎక్కడికి జరుగుతుందో అడగండి.