నీళ్లలో మనదీ చిన్న దేశమే: ఈత పోటీలపై అపోహలు - వాస్తవాలు

విశాఖ బీచ్ రోడ్డులో పిల్లలకు ఈత నేర్పడం నా పని. ప్రపంచ ఛాంపియన్‌షిప్ టీవీలో వస్తుందంటే చాలు, పూల్ గట్టు మీద కూర్చున్న తల్లిదండ్రులు ఒక్కొక్కరూ ఒక్కో తీర్పు చెప్తారు. వాటిలో తరచూ వినిపించేవి ఇవి.

అపోహ: ఇద్దరు ముగ్గురితో వచ్చే దేశాలు చూసిపోవడానికే వస్తాయి.

ఈ మాట అనేవాళ్లు మన జట్టు సంగతి మర్చిపోతారు. అర్హత టైమింగ్‌తో ఎవరూ చోటు దక్కించుకోని దేశం ఒలింపిక్స్‌కు ఒక పురుషుణ్ణి, ఒక మహిళను పంపుకోవచ్చు. దీన్ని యూనివర్సాలిటీ కోటా అంటారు. 2024 పారిస్‌కు శ్రీహరి నటరాజ్, 14 ఏళ్ల ధీనిధి దేసింగు వెళ్లింది ఈ దారిలోనే. అదీ అడగ్గానే ఇచ్చేది కాదు, అంతకుముందు ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో ఈది ఉండాలి. కోటా అవసరం లేకుండా నేరుగా ఒలింపిక్స్‌కు పంపే 'ఎ' టైమింగ్ అందుకున్న తొలి భారతీయుడు సజన్ ప్రకాశ్, అదీ 2021లో. అంటే నీళ్లలో మనదీ చిన్న దేశమే.

ఇక ఎరిక్ ముసాంబానీ వీడియో చూసి నవ్వేవాళ్లకు ఒక మాట. ఈక్వటోరియల్ గినీ నుంచి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌కు వచ్చాడు. అంతకుముందు 50 మీటర్ల పూల్ చూడనేలేదు, ప్రాక్టీస్ చేసింది ఓ హోటల్‌లోని చిన్న పూల్‌లో. హీట్‌లో, అంటే ఫైనల్‌కు ముందు జరిగే తొలి రౌండ్ రేసులో, మిగతా ఇద్దరూ బెల్ కంటే ముందే దూకి డిస్‌క్వాలిఫై అయ్యారు. ఒక్కడే 100 మీటర్లు ఈది 1:52.72లో గోడ అందుకున్నాడు. చిన్న పూల్‌లో గోడ త్వరగా వస్తుంది. ప్రతి టర్న్‌లో కాలితో తన్ని ముందుకు జారొచ్చు, చేతులకు కాస్త విశ్రాంతి. 50 మీటర్లలో ఆ సుఖం లేదు. రెండో సగంలో భుజాలు రాళ్లవుతాయి. మా పిల్లల్లోనూ 25 మీటర్ల టైమింగ్ చూసి మురిసినవాళ్లు పెద్ద పూల్‌లో దిగాక బిత్తరపోతారు. ఆ రెండు టైమింగ్‌లను పక్కపక్కన పెట్టి పోల్చకండి.

అపోహ: హీట్‌లో ఫస్ట్ వస్తే ముందుకెళ్లినట్టే.

కాదు. అన్ని హీట్ల టైమింగ్‌లూ కలిపి చూస్తారు. నెమ్మది టైమింగ్ ఉన్నవాళ్ల హీట్లే ముందు జరుగుతాయి కాబట్టి మొదటి హీట్ గెలిచినవాడు మొత్తం మీద చాలా వెనకుండొచ్చు. దానికి బాధపడనక్కర్లేదు, తన పాత టైమింగ్ తగ్గిందా లేదా అన్నదే నేను చూస్తాను. రివర్స్ కూడా జరుగుతుంది: టోక్యో ఒలింపిక్స్‌లో ట్యునీషియా కుర్రాడు అహ్మద్ హఫ్నావీ ఎనిమిదో స్థానంతో 400 మీటర్ల ఫ్రీస్టైల్ ఫైనల్‌కు వచ్చి, చివరి లేన్ నుంచి బంగారం కొట్టాడు.

అపోహ: చిన్న దేశాలకు పతకాలు రావు.

1988 ఒలింపిక్స్‌లో దక్షిణ అమెరికాలోని చిన్న దేశం సురినామ్‌కు చెందిన ఆంథొనీ నెస్టీ 100 మీటర్ల బటర్‌ఫ్లైలో అమెరికా స్టార్ మాట్ బియోండీని సెకనులో వందో వంతు తేడాతో ఓడించాడు. 2016లో అదే ఈవెంట్‌లో సింగపూర్ జోసెఫ్ స్కూలింగ్ అమెరికా దిగ్గజం మైకేల్ ఫెల్ప్స్‌ను వెనక్కి నెట్టాడు. అయితే ఇద్దరూ అమెరికాలో, అదీ ఫ్లోరిడాలోని ఒకే స్కూల్లో చదువుతూ తర్ఫీదు పొందినవాళ్లే. ఆ సంగతి దాచి 'పట్టుదల ఉంటే చాలు' అని పిల్లలకు చెప్పడం నాకు నచ్చదు.

అపోహ: మనకు సముద్రం ఉంది కదా, ఛాంపియన్లు వాళ్లంతట వాళ్లే రావాలి.

కెరటాల్లో పెరిగితే నీళ్ల భయం పోతుంది, అంతవరకే. రేసుకు కావాల్సిన డైవ్, టర్న్, నీటి అడుగున 15 మీటర్ల లోపు కిక్ పూల్‌లోనే వస్తాయి. ప్రాక్టీస్ పేరుతో పిల్లల్ని ఆర్కే బీచ్‌లో మాత్రం దింపకండి. అక్కడ లోపలికి లాగే ప్రవాహాలకు ఈత బాగా వచ్చిన పెద్దవాళ్లే చిక్కుకుంటారు.