గోడ మీద ఎర్ర నంబరు వేస్తే ఇల్లు పోయినట్టేనా? నగర పునరుద్ధరణ: అపోహలు - వాస్తవాలు

వరంగల్‌లో ఏ బస్తీకి సర్వేకి వెళ్లినా రెండో రోజుకల్లా ఒకే ప్రశ్న ఎదురొస్తుంది. "సారూ, ఇండ్లు కూలగొడ్తరంట గదా, ఎప్పుడు?" నాది పట్టణ ప్రణాళిక పని. మూతపడ్డ మిల్లుల చుట్టూ, నాలాల పక్కన, రైలు పట్టాల అవతల ఉన్న వాడల్లో ఇంటింటి వివరాలు రాసుకోవడం, మ్యాపులు తయారు చేయడం, ఆ మ్యాపులు పట్టుకుని మళ్లీ అక్కడి జనం ముందు కూర్చోవడం. అలా అడిగేవాళ్లను చూస్తే బాధేస్తుంది. ఆ భయం ఊరికే పుట్టింది కాదు. కానీ ఆ భయాన్ని వాట్సాప్‌లో ఎగదోసి, పక్కనే కూర్చుని బేరాలాడేవాళ్లను చూస్తే ఒళ్లు మండుతుంది. ఈ మధ్య మళ్లీ అవే మెసేజ్‌లు తిరుగుతున్నాయి కాబట్టి రాస్తున్నాను.

అపోహ: సర్వేవాళ్లు గోడ మీద నంబరు వేస్తే, మ్యాపులో రంగు మారితే, ఇక ఆ జాగా పోయినట్టే.

జనానికి ఎక్కువ నష్టం చేస్తున్నది ఇదే. ముందు ఆ ఎర్ర నంబరు సంగతి చెప్తాను. తలుపు పక్కన "బి 3/47" అని రాశారనుకోండి. బి అంటే బ్లాకు, 3 అంటే గల్లీ, 47 అంటే ఆ వరుసలో కట్టడం. అంతే. దాని ఎదురుగా మా ఫారంలో రాసేది ఇల్లు ఎవరిది, కరెంటు మీటరు ఉందా, నల్లా ఉందా, వాన వస్తే నీళ్లు ఎంతవరకు వస్తాయి, లోపల ఎన్ని పొయ్యిలు వెలుగుతాయి అని. పొయ్యి లెక్క ముఖ్యం. ఒకే ఇంటి నంబరు కింద మూడు పొయ్యిలుంటే మూడు కుటుంబాలు. కిరాయికి ఉండేవాళ్లు కాగితం మీదకు ఎక్కేది ఆ పొయ్యి లెక్కలోనే.

ఒక పాత మిల్లు వెనక గల్లీలో పనిచేస్తున్నప్పుడు ఒక అవ్వ తన గోడ మీది నంబరును రాత్రికి రాత్రే కిరసనాయిలు గుడ్డతో తుడిచేసింది. భర్త మిల్లులో స్పిన్నింగ్ ఖాతాలో పనిచేసి వీఆర్ఎస్ తీసుకున్నాక చనిపోయాడు. వెనక గదుల్లో కిరాయికి ఉండే రెండు కుటుంబాలకు తాళాలేసి పొమ్మని ఆ గదుల ఓనరు, అంటే అవ్వ మరిది, ముందే చెప్పి ఉంచాడు. మా సర్వే పిల్లలు మూడుసార్లు వెళ్లినా ఆ తలుపు తెరుచుకోలేదు. ఈలోగా ఒక మధ్యవర్తి అవ్వ దగ్గరికి వచ్చి "రేపు నోటీసొస్తే పైసా రాదు, ఇప్పుడే ఇచ్చెయ్" అని గజానికి ఆ గల్లీ ధరలో సగం కూడా లేని రేటు చెప్పి, బయానా చేతిలో పెట్టి, నోటరీ కాగితం మీద వేలిముద్ర తీసుకున్నాడు. ఆ గల్లీలో కూల్చివేత ఏమీ రాలేదు. వచ్చింది డ్రైనేజీ లైను, సీసీ రోడ్డు. రోడ్డు పడ్డాక అక్కడి ధర ఎక్కడికి వెళ్లిందో వేరే చెప్పాలా? ఆ అవ్వ ఇప్పుడు కూతురి దగ్గర ఉంటోంది.

నష్టం రెండు వైపులా జరుగుతుంది. ఒకటి, తక్కువకు అమ్ముకోవడం. రెండు, సర్వేకి తలుపు వేసుకోవడం వల్ల జాబితాలో పేరే లేకపోవడం. రేపు నిజంగానే పునరావాసం ఇవ్వాల్సి వస్తే "ఫలానా తేదీ నాటికి ఇక్కడ ఎవరున్నారు" అని చూసేది ఈ సర్వే కాగితాలనే. 2013 భూసేకరణ చట్టం సొంత భూమి లేనివాళ్లను కూడా బాధిత కుటుంబాలుగా గుర్తిస్తుంది. సేకరణకు ముందు మూడేళ్లుగా అక్కడే బతుకుదెరువు ఉన్న కిరాయిదారులు, చేతివృత్తులవాళ్లు, పనివాళ్లు అందులోకి వస్తారు. ఆ మూడేళ్లు ఉన్నట్టు రుజువేది? మా ఫారంలో ఒక గీత. ఆ గీత లేకుండా చేసింది ఎవరు? తలుపు వేసుకోమని చెప్పినవాళ్లు. ఇస్త్రీ బండి, మిర్చి బజ్జీల బండి పెట్టుకునేవాళ్లకూ ఇదే మాట. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం సర్వే పూర్తయి సర్టిఫికెట్లు ఇచ్చేదాకా వాళ్లను లేపేయకూడదు. సర్వే అంటే పారిపోవాల్సిన అవసరం అందరికంటే తక్కువ వాళ్లకే.

ఇక మ్యాపు రంగులు. మాస్టర్ ప్లాన్‌లో, అంటే ఊళ్లో ఏ జాగాను దేనికి వాడాలో చూపే మ్యాపులో, మీ సర్వే నంబరు మీద తోటలు, సాగు లాంటి వాటికి ఉంచే ఆకుపచ్చ పడినా, మీ ఇంటి మీదుగా రోడ్డు గీత పోయినా, మీ పట్టా మీ పేరు మీదే ఉంటుంది. మనకు 1972 నాటి ప్లాన్ తర్వాత 2041 ప్లాన్ ఆమోదం పొందింది 2024 నవంబరులో. మధ్యలో యాభై ఏళ్లు. ఆ పాత ప్లాన్‌లో గీసిన రోడ్లలో ఈ రోజుకీ పడనివి ఉన్నాయి. అలాగని గీతకు విలువ లేదని నేను అనను. రోడ్డు గీత కింద పడే భాగంలో కొత్త కట్టడానికి పర్మిషన్ రాదు, ఆకుపచ్చలో లేఅవుట్ రాదు. అది మీ వాడకానికి హద్దు. ప్రభుత్వం జాగా తీసుకోవాలంటే దారి వేరు. 2013 భూసేకరణ చట్టం సెక్షన్ 11 కింద ప్రాథమిక నోటిఫికేషన్ గెజిట్‌లో, రెండు దినపత్రికల్లో రావాలి, అందులో ఒకటి తెలుగుది. మున్సిపల్ ఆఫీసులో అతికించాలి. అక్కడి నుంచి 60 రోజులు మీరు అభ్యంతరం రాసి ఇవ్వొచ్చు. తర్వాత డిక్లరేషన్, విచారణ, అవార్డు, అంటే పరిహారం ఎంతో తేల్చే ఉత్తర్వు. మార్కెట్ విలువ మీద 100 శాతం సొలేషియం (అదనపు పరిహారం) కలిపి లెక్క కట్టాలి. ఇన్ని మెట్లుంటే, మొదటి మెట్టు కూడా ఎక్కకముందే ఇల్లు అమ్ముకోవడం ఎంత అన్యాయమో చూడండి. ఇంకోమాట: ఆ ప్రాథమిక నోటిఫికేషన్ వచ్చాక ఆ భూమి అమ్మకాలు, కొనుగోళ్లు చట్టమే ఆపేస్తుంది. కాబట్టి "నోటిఫికేషన్ వచ్చింది, త్వరగా నాకు అమ్మెయ్" అని ఎవరైనా తొందర పెడితే వాళ్లు అబద్ధమైనా చెప్తున్నారు, లేకపోతే చెల్లని బేరమైనా ఆడుతున్నారు.

భయపడేవాళ్లను నేను ఎందుకు తప్పుపట్టనో కూడా చెప్పాలి. 2022 వేసవిలో ఔటర్ రింగు రోడ్డు వెంట ల్యాండ్ పూలింగ్ అని 27 గ్రామాల్లో 21 వేల ఎకరాలకు పైగా నోటిఫై చేశారు. అది పుకారు కాదు, నిజమే. రైతులు రోడ్డెక్కారు, రాతపూర్వకంగా అభ్యంతరాలు ఇచ్చారు, గ్రామ సభల్లో తీర్మానాలు చేశారు. కొద్ది వారాల్లోనే దాన్ని వెనక్కి తీసుకున్నారు. ఆ వారాల మధ్యలో టెన్షన్ తట్టుకోలేక సాదా బైనామా (రిజిస్ట్రేషన్ లేని అమ్మకపు కాగితం) మీద ఎకరాలు రాసిచ్చిన కుటుంబం నాకు తెలుసు. నోటిఫికేషన్ రద్దయింది కానీ వాళ్ల గొడవ రద్దు కాలేదు, ఇంకా కోర్టులో నడుస్తోంది. వంద రూపాయలు దాటిన స్థిరాస్తి అమ్మకానికి రిజిస్ట్రేషన్ తప్పనిసరి అన్న సంగతి సంతకం పెట్టేటప్పుడు ఆ ఇంట్లో ఎవరూ గుర్తు చేయలేదు.

అపోహ: మూతపడ్డ మిల్లు అంటే ఖాళీ జాగా. చదును చేసి ప్లాట్లు చేస్తే అదే అభివృద్ధి.

ఆజంజాహి మిల్లు గురించి ఓరుగల్లు వాళ్లకు నేను చెప్పాల్సిన పని లేదు. 1934లో నిజాం కాలంలో మొదలై, 1974లో నేషనల్ టెక్స్‌టైల్ కార్పొరేషన్ చేతికి వెళ్లి, 2002లో మూతపడింది. సైరన్‌ని బట్టి వంట చేసుకున్న ఊరు మనది. యంత్రాలు పోయాయి, షెడ్లు పోయాయి, జాగా ముక్కలైంది. కార్మికులు ఇళ్ల స్థలాల కోసం ఏళ్ల తరబడి తిరిగారు. నా బాధ ఏమిటంటే, ఇలాంటి భూమి ఊరి నడిమధ్యన ఒక్కసారే దొరుకుతుంది. పార్కు, బస్సు డిపో, తక్కువ కిరాయి ఇళ్లు, కొత్తవాడ నేతకారుల అద్దకం షెడ్లు, వరద నీరు ఆగే చెరువు లాంటివి ఏవి పెట్టాలన్నా మళ్లీ అంత జాగా కొనే శక్తి ఏ కార్పొరేషన్‌కూ ఉండదు.

ముంబైని చూడండి. 1982 సమ్మె తర్వాత మిల్లులు ఒక్కొక్కటిగా మూతపడ్డాయి. దాదాపు 600 ఎకరాలు. 1991 నిబంధన ప్రకారం మిల్లు భూమిలో ఒక వంతు కార్పొరేషన్‌కు ఖాళీ స్థలంగా, ఒక వంతు చవక ఇళ్లకు, ఒక వంతు యజమానికి. 2001లో ఆ నిబంధనను సవరించారు. మొత్తం భూమికి బదులు కట్టడాలు లేని ఖాళీ భాగాన్ని మాత్రమే మూడు వంతులు చేయాలన్నారు. నగరానికి రావాల్సిన జాగా అమాంతం తగ్గిపోయింది. ఒక్క వాక్యం మార్పు! 2006లో సుప్రీంకోర్టు కూడా ఆ సవరణను నిలబెట్టింది. అందుకే ముసాయిదా వచ్చినప్పుడు రంగులతో పాటు నిబంధనల పేజీలు కూడా చదవమని మొత్తుకుంటాను.

జర్మనీలో రూర్ అనే బొగ్గు, ఉక్కు ప్రాంతం ఉంది. మన సింగరేణి పట్టణాలవాళ్లకు ఆ కథ బాగా అర్థమవుతుంది. డ్యూస్‌బర్గ్‌లో 1985లో మూతపడ్డ ఉక్కు కర్మాగారాన్ని కూల్చకుండా పార్కు చేశారు. బ్లాస్ట్ ఫర్నేసు ఎక్కి ఊరు చూడొచ్చు. మురుగు కాలువగా మార్చేసిన ఎమ్షర్ నదిని దశాబ్దాల పాటు శుభ్రం చేశారు. అక్కడి డబ్బు మనకు లేదు, నిజమే. కానీ ఉన్న గోడను నిలబెట్టడానికి అన్నిసార్లూ కొత్త గోడకంటే ఎక్కువ ఖర్చు కాదు. గట్టిగా ఉన్న షెడ్డును కూల్చి మళ్లీ కట్టడమంటే ఇటుక, సిమెంటు, ఇనుము కోసం ఇంధనం రెండోసారి కాల్చడమే.

ఒక జాగ్రత్త మాత్రం. పాత ఫ్యాక్టరీ జాగాలో నేల పరీక్ష లేకుండా ఏదీ మొదలుపెట్టకూడదు. పైకప్పు ఆస్బెస్టాస్ రేకులు, బాయిలర్ బూడిద, ట్రాన్స్‌ఫార్మర్ నూనె, రంగుల మడ్డి. రేకులను గునపంతో పగలగొట్టి ట్రాక్టర్లో వేసుకుపోవడం చూశాను, పక్కనే పిల్లలు ఆడుకుంటున్నారు. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి వెళ్తే బయటికి రాదు. తడిపి, పగలకుండా విప్పి, ప్లాస్టిక్ చుట్టి పంపాలి.

అపోహ: మిల్లు మళ్లీ తెరిస్తే అందరికీ పాత ఉద్యోగాలు వస్తాయి.

తెరుచుకున్నవీ ఉన్నాయి. 1999లో మూతపడ్డ రామగుండం ఎరువుల కర్మాగారం స్థానంలో కొత్త ప్లాంటు 2021లో ఉత్పత్తి మొదలుపెట్టింది. కాగజ్‌నగర్ సిర్పూర్ పేపర్ మిల్లు 2014లో ఆగి 2018లో కొత్త యాజమాన్యం కింద తిరిగి నడిచింది. కానీ రామగుండంలో పాతది బొగ్గుతో నడిస్తే కొత్తది గ్యాసుతో, కంప్యూటర్లతో నడుస్తుంది. పాత మస్టర్ రోల్‌లోని అన్ని పేర్లకూ అందులో చోటుండదు. 2014లో ఆగిన కమలాపురం రేయాన్స్ మిల్లు కార్మికులు అప్పటి నుంచి ఎదురుచూస్తూనే ఉన్నారు. వాళ్లకు మళ్లీ మళ్లీ ఆశ చూపించేవాళ్లంటే నాకు గౌరవం లేదు.

అపోహ: పసుపు రంగు పడింది, ఎల్ఆర్ఎస్ (అనుమతి లేని లేఅవుట్లలో ప్లాట్లను క్రమబద్ధం చేసే పథకం) ఫీజు కట్టాం, ఇక ఇల్లు కట్టుకోవచ్చు.

మొదటి అపోహకు ఇది తిరగేసిన రూపం. నివాస జోన్ అని పసుపు రంగు ఉన్నా, అందులో చెరువు ఎఫ్‌టీఎల్, అంటే చెరువు పూర్తిగా నిండితే నీరు ఆగే హద్దు, ఉంటే అక్కడ కట్టకూడదు. 25 ఎకరాలు, అంటే 10 హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకు ఎఫ్‌టీఎల్ నుంచి 30 మీటర్లు, చిన్న కుంటకు 9 మీటర్లు వదలాలి. 10 మీటర్లకు మించి వెడల్పున్న నాలాకు 9 మీటర్లు, అంతకంటే చిన్నదానికి 2 మీటర్లు. ఎఫ్‌టీఎల్‌లో ఉన్న ప్లాటును ఎల్ఆర్ఎస్ క్రమబద్ధం చేయదు. 2020 ఆగస్టు వానలకు నయీంనగర్ వైపు ఇళ్లలోకి నీళ్లొచ్చాయి, 2023 జులైలో మళ్లీ వచ్చాయి. కాకతీయులు గొలుసుకట్టుగా తవ్వించిన చెరువుల నీరు పోయే దారి అది. నాలా మీద స్లాబు వేసి వెడల్పు చేస్తే సరిపోతుందన్న మాట కూడా వింటుంటాను. పైన నీరు ఆగే కుంట లేకపోతే ఆ నీరంతా ఒక్కసారే కింది బస్తీ మీద పడుతుంది.

ఎవరైనా "మీ జాగా పోతుంది" అంటే చేయాల్సినవి చెప్తాను. సర్వే నంబరుతో కుడాలో (కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థ) ల్యాండ్ యూజ్ సర్టిఫికెట్‌కు దరఖాస్తు పెట్టండి. ఫోన్లో తిరిగే మ్యాపు ఫొటోను నమ్మొద్దు, అది ముసాయిదాదో ఆమోదించినదో కూడా తెలియదు. చెరువు దగ్గరైతే ఇరిగేషన్ వాళ్ల ఎఫ్‌టీఎల్ మ్యాపు అడగండి. ముసాయిదా మీద అభ్యంతరం ఇచ్చేటప్పుడు "అన్యాయం" అని ఒక్క ముక్క రాసి ఊరుకోకండి. సర్వే నంబరు, మీ ఇల్లు ఎన్నేళ్లుగా ఉంది, కరెంటు బిల్లు, ఇంటి పన్ను రసీదు, గీత ఎటు జరిపితే ఎవరికీ నష్టం లేదో చేతితో గీసిన బొమ్మ జత చేయండి. రెండు కాపీలు తీసుకెళ్లి ఒకదాని మీద ఇన్‌వర్డ్ ముద్ర వేయించుకోండి. సర్వే పిల్లలు వస్తే ఐడీ కార్డు అడిగి, ఇంట్లో పొయ్యిలన్నీ చెప్పి, ఫారంలో ఏం రాశారో చదివించుకుని అప్పుడు సంతకం పెట్టండి. కిరాయికి ఉన్నవాళ్ల పేర్లు రాయించడం వల్ల ఇంటి ఓనరు హక్కు ఒక్క గజం కూడా తగ్గదు, ఆ సంగతి ఓనర్లకు కూడా చెప్పండి.