పల్స్ డీమన్: ఆ హోరు వెనక పదిహేడేళ్లు

"పల్స్ డీమన్" పెట్టిన రోజు స్పీకరు పాడైందేమోనని వైరు పీకి మళ్లీ పెట్టాను. స్పీకరు బాగానే ఉంది. జపాన్‌కు చెందిన మసామి అకిటా మెర్జ్‌బౌ పేరుతో చేసిన ఈ ఆల్బమే అలా ఉంటుంది. మొదటి ట్రాకు పేరు వడ్రంగిపిట్ట. నిజంగానే చెవి పక్కన ఎవరో రేకును ఆగకుండా పొడుస్తున్నట్టుంటుంది. రాగం లేదు, మాట లేదు. గంటకు పైగా ఇదే ఉధృతి. 1996లో ఇది అమెరికాలో సీడీగా వచ్చినప్పటి నుంచీ ఒకటే ప్రశ్న: దీన్ని సంగీతం అనొచ్చా?

జవాబు కోసం 1979కి వెళ్లాలి. ఆ ఏడాదే టోక్యోలో అకిటా మెర్జ్‌బౌ పేరుతో పని మొదలుపెట్టాడు. ఆ పేరు జర్మన్ కళాకారుడు కుర్ట్ ష్విట్టర్స్ కట్టిన మెర్జ్‌బౌ నుంచి తీసుకున్నది. ష్విట్టర్స్ చిత్తుకాగితాలు, వాడి పారేసిన టికెట్లు, చెక్కముక్కలు అతికించి బొమ్మలు చేసేవాడు. జర్మనీలో హానోవర్‌లోని తన ఇంటి గదులనే అలాంటి శిల్పంగా మార్చాడు, అదే మెర్జ్‌బౌ. 1943 బాంబుదాడిలో అది నాశనమైంది. చెత్త నుంచి కళ తీయాలన్న ఆ పట్టుదలే అకిటాకు దారి చూపింది. పాటల రికార్డింగులో సౌండు ఇంజినీర్లు వద్దని తీసేసే బుసబుసలు, కీచులు ఉంటాయి కదా, ఆయన వాటినే ఏరుకున్నాడు.

పద్ధతి మనకు తెలియనిదేం కాదు. మైకు స్పీకరుకు ఎదురుగా పెడితే కూస్తుంది. బయటికొచ్చిన శబ్దం మళ్లీ లోపలికెళ్లి పెరుగుతూ పోవడమే అది. అకిటా ఆ కూతను ఆపకుండా, శబ్దాన్ని గరుకుగా మార్చే డిస్టార్షన్ పెడళ్ల గుండా పంపి, మీటలు తిప్పుతూ మలిచాడు. రేకులకు కాంటాక్టు మైకులు, అంటే వస్తువు అదురును నేరుగా పట్టే మైకులు, అంటించి గీకాడు.

అదే 1979లో క్యోటోలో ఇలాంటి హోరే చేసే హిజోకైదాన్ బృందం మొదలైంది. అందులో ఉన్న తోషిజి మికావా బ్యాంకు ఉద్యోగం చేసుకుంటూనే ఇన్‌కెపాసిటాంట్స్ అనే మరో బృందాన్ని నడిపాడు. 1985లో హనతరాష్ బృందం టోక్యోలో కచేరీ హాలులోకి తవ్వకాల యంత్రాన్నే తోలుకొచ్చింది. హోరునే సంగీతంగా చేసే ఈ ధోరణిని జపాన్ నాయిస్ అంటారు. ఆ మాట అనగానే అందరూ ఈ యంత్రం కథే చెబుతారు. నా దృష్టిలో అసలు చరిత్ర క్యాసెట్లది. అకిటా ఇంట్లో రికార్డు చేసి, పారేసిన పత్రికల నుంచి కత్తిరించిన బొమ్మలను జిరాక్స్ తీసి అట్టలు వేసి, పోస్టులో దేశదేశాలకు పంపేవాడు. అవతలివాళ్లు తమ క్యాసెట్లు తిరుగుటపాలో పంపేవారు. పెద్ద కంపెనీ గడప తొక్కకుండానే శ్రోతలు తయారయ్యారు. పల్స్ డీమన్ వచ్చేనాటికి ఆ హోరు కోసం ఎదురుచూసే చెవులున్నాయి.

2000లో ఆస్ట్రేలియాకు చెందిన ఎక్స్‌ట్రీమ్ సంస్థ అకిటా రికార్డింగులను 50 సీడీల పెట్టెగా తెచ్చింది. తొలినాళ్ల క్యాసెట్లూ అందులో ఉన్నాయి. కొత్తగా వినేవాళ్లను నేను ముందు వాటి దగ్గరికే పంపుతాను. గీకుడేదో, కూతేదో వాటిలో విడివిడిగా తెలుస్తాయి. ఆ తర్వాత వడ్రంగిపిట్టను పెట్టుకోండి, సౌండు తగ్గించి.