కన్సోల్‌కి పెన్‌డ్రైవ్ పెడితే లైవ్ ఆల్బమ్ రాదు: అపోహలు - వాస్తవాలు

ఫెస్ట్ సీజన్ అయిపోగానే నాకు వచ్చే ఫోన్లన్నీ దాదాపు ఒకేలా ఉంటాయి. "అన్నా, షో ఇరగదీశాం, కన్సోల్‌కి (మైకుల సౌండ్ అంతా కలిపే మిక్సింగ్ బోర్డ్‌కి) పెన్‌డ్రైవ్ పెట్టించి మొత్తం రికార్డ్ చేయించాం, కాస్త మిక్స్ చేసి లైవ్ ఆల్బమ్‌లా ఇస్తావా?" ఇవ్వలేను తమ్ముడూ. ఆ మాట చెప్పాలంటే నాకూ ప్రాణం ఉసూరుమంటుంది, ఎందుకంటే అవతల వాళ్ళు అప్పో సప్పో చేసి లైట్లు పెట్టించుకుని, నెలల తరబడి ప్రాక్టీస్ చేసి ఉంటారు. అందుకే అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసే అపోహ ముందు చెప్తా, మిగతావి గబగబా చెప్పేస్తా.

అపోహ: కన్సోల్ నుంచి వచ్చే మిక్స్ ఉంటే చాలు, అదే లైవ్ ఆల్బమ్.

వాస్తవం: పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కేది లెఫ్ట్, రైట్ రెండే ట్రాకులు. వోకల్, కిక్ డ్రమ్, గిటార్ అన్నీ అందులో కలిసిపోయి ఉంటాయి. పైగా ఎఫ్ఓహెచ్ (ఫ్రంట్ ఆఫ్ హౌస్, అంటే జనం వైపు కన్సోల్ ఉండే చోటు) ఇంజినీర్ ఆ మిక్స్ చేసింది ఎదురుగా నిలబడ్డ జనం కోసం, మీ ఇయర్‌ఫోన్స్ కోసం కాదు. చిన్న ఆడిటోరియంలో డ్రమ్స్ మోత స్టేజ్ మీద నుంచే సరిపోతుంది కాబట్టి ఆయన ఆ ఫేడర్లు (సౌండ్ పెంచే, తగ్గించే మీటలు) కిందే ఉంచుతాడు, గిటార్ ఆంప్ గట్టిగా పెట్టుకుంటే దానిదీ అంతే, గొంతు ఒక్కటే పైకి తెస్తాడు. హాల్లో అది కరెక్టే, కానీ అదే ఫైల్ ఇంట్లో వింటే సింగర్ చెవిలో అరుస్తున్నట్టు, డ్రమ్స్ పక్కింట్లో వాయిస్తున్నట్టు ఉంటుంది. స్టేడియంలో అన్నీ పీఏ (జనం వైపు పెట్టే పెద్ద స్పీకర్లు) నుంచే రావాలి కాబట్టి బ్యాలెన్స్ కొంచెం నయం, అయినా ఈక్యూ (బేస్, ట్రెబుల్ సర్దుబాటు) అంతా ఆ స్పీకర్ల కోసం చేసిందే, జనం గోల అసలు ఉండదు. ఏఐతో విడదీయొచ్చు కదా అని ఈమధ్య కొత్త ప్రచారం మొదలైంది. గొంతు కొంత బయటికి లాగుతుంది నిజమే, డ్రమ్స్‌లోని సింబల్స్ మాత్రం నీళ్ళలో మునిగినట్టు తయారవుతాయి, అసలు ఫైల్‌లోకి రానిదాన్ని అది కూడా పుట్టించలేదు.

ఒక గిటారిస్ట్ కుర్రాడు గుర్తొస్తాడు. బెంగళూరులో ఉద్యోగానికి వెళ్ళిపోయే ముందు బ్యాండ్‌తో అతని ఆఖరి షో అది. నా రూమ్‌లో కూర్చుని పెన్‌డ్రైవ్ ఫైల్ విన్నాం. అతని సోలో మొదలైంది, వినపడట్లేదు. సగం అయ్యాక ఫేడర్ లేచింది, అప్పుడు వచ్చింది గిటార్. ఆ మొదటి సగం ఇక ఎక్కడా లేదు. అతను ఆ చోటే మళ్ళీ మళ్ళీ ప్లే చేయించుకున్నాడు, నాకేం చెప్పాలో తోచలేదు. ఆ రోజు మల్టీట్రాక్ (ఒక్కో మైక్‌ని విడి ట్రాక్‌గా రికార్డ్ చేయడం) పెట్టి ఉంటే ఫేడర్ ఎక్కడున్నా సోలో మొత్తం దొరికేది.

నమ్మకం కుదరకపోతే కెనడా రాక్ బ్యాండ్ రష్ వాళ్ళ లైవ్ ఆల్బమ్ రష్ ఇన్ రియో వినండి. 2002 నవంబర్ 23న రియోలోని మరకానా స్టేడియంలో రికార్డ్ చేశారు, ఆ టూర్‌లో అదే ఆఖరి షో. ముందు రోజు సావో పాలోలో వాన, లారీలు లేటు, సెటప్ అయ్యేసరికి జనం లోపలికి వచ్చే టైమ్ అయిపోయింది, సౌండ్‌చెక్ చేయనేలేదు. సౌండ్‌చెక్ లేని రోజు కన్సోల్ మిక్స్ మొదటి పాటల్లో ఎలా ఉంటుందో ఈ పని చేసేవాళ్ళందరికీ తెలుసు. మల్టీట్రాక్ ఉంది కాబట్టి తర్వాత తీరిగ్గా కూర్చుని మిక్స్ చేసి 2003లో మూడు సీడీల ఆల్బమ్‌గా వదిలారు. ఇంకో విషయం, ఆ మూడో డిస్క్ చివర్లో అదే టూర్‌లో వేరే ఊళ్ళలో చేసిన రెండు పాటలు బోర్డ్ బూట్‌లెగ్ (కన్సోల్ నుంచి నేరుగా తీసుకున్న రికార్డింగ్) అని పేరు పెట్టి మరీ ఇచ్చారు. ముందు మరకానా పాట, వెంటనే ఆ రెండూ హెడ్‌ఫోన్స్‌లో వినండి, గది, జనం, గాలి ఒక్కసారిగా మాయమవుతాయి.

ఖర్చెక్కువ అని భయపడకండి. మనకి రెంటల్‌లో వచ్చే బెహ్రింజర్ ఎక్స్32 లాంటి కన్సోల్‌లో యూఎస్‌బీ కార్డ్ ఉంటే, ఒక్క కేబుల్‌తో 32 చానల్స్ విడివిడిగా లాప్‌టాప్‌లోకి వస్తాయి, 48 కిలోహెర్ట్జ్ 24 బిట్‌లో రెండు గంటల షోకి సుమారు 33 జీబీ. ఫేడర్‌కి ముందే తీసుకుంటాం కాబట్టి షోలో ఇంజినీర్ ఏ ఫేడర్ కదిపినా మన ట్రాక్‌కి ఏం కాదు. గెయిన్ (మైక్ సిగ్నల్ లోపలికొచ్చే లెవెల్) మాత్రం హాల్ మిక్స్‌కీ మన రికార్డింగ్‌కీ ఒకటే, అది ఎక్కువై క్లిప్ అయితే (సౌండ్ పగిలితే) బాగుచేయడం కష్టం, లైన్ చెక్‌లో (షోకి ముందు ఒక్కో మైక్ చూసుకునేటప్పుడు) పది నిమిషాలు దాని మీద పెట్టండి.

అపోహ: జనం అరుపులన్నీ తర్వాత అతికించినవే.

కొందరు అతికిస్తారు, కాదనను. కానీ సరిగ్గా చేస్తే ఆ అవసరమే రాదు. స్టేజ్ అంచున జనం వైపు రెండు మైకులు, ఎఫ్ఓహెచ్ దగ్గర ఇంకో రెండు పెట్టండి. ఎఫ్ఓహెచ్ 35 మీటర్ల దూరంలో ఉంటే శబ్దం అక్కడికి చేరడానికి దాదాపు 100 మిల్లీసెకన్లు పడుతుంది, మిక్స్‌లో ఆ ట్రాక్‌ని అంత ముందుగా మొదలయ్యేలా జరపాలి, లేకపోతే అంతా ప్రతిధ్వనే. మరకానాలో జనం రష్ వాళ్ళ వైవైజెడ్ పాటకి గొంతు కలిపారు. ఆ పాటలో ఒక్క మాట కూడా లేదు, అయినా వేలమంది గిటార్ లైన్‌నే పాడేశారు, అది ఏ సౌండ్ లైబ్రరీలోనూ దొరకదు.

అపోహ: లైవ్ ఆల్బమ్ అంటే మొత్తం ఒకే రాత్రిది.

అవసరం లేదు. బ్రిటిష్ రాక్ బ్యాండ్ క్వీన్ వాళ్ళ లైవ్ ఎట్ వెంబ్లీ '86 ఆ ఏడాది జులై 12 షోది, అదే టూర్ మీద వచ్చిన లైవ్ మ్యాజిక్‌లో మాత్రం బుడాపెస్ట్, నెబ్‌వర్త్ రికార్డింగులు కూడా ఉన్నాయి.

అపోహ: ఓవర్‌డబ్ (షో అయ్యాక మళ్ళీ పాడో వాయించో కలపడం) చేస్తే మోసం.

ఇది అడిగేది ఎక్కువగా సింగర్లు, రాత్రుళ్ళు నిద్రపట్టక మెసేజ్ పెడతారు, అన్నా ఒక్క లైన్ శ్రుతి తప్పింది, మళ్ళీ పాడితే తప్పా అని. తప్పు కాదమ్మా. మైక్ కట్ అయిన చోటో, గొంతు పట్టేసిన చోటో రెండు లైన్లు మళ్ళీ పాడితే ఎవరి సొమ్మూ పోదు. క్వీన్ వాళ్ళు బొహీమియన్ రాప్సొడీ ఓపెరా భాగాన్ని స్టేజ్ మీద టేప్ నుంచే వినిపించేవాళ్ళు, అది అయ్యేదాకా స్టేజ్ దిగి వెళ్ళిపోయేవాళ్ళు, దాచింది ఏమీ లేదు. పాట మొత్తం స్టూడియోలో మళ్ళీ పాడి లైవ్ అని అమ్మితే అప్పుడు అడగండి నన్ను. చివరగా ఒక మాట, షో అయ్యాక లాప్‌టాప్‌లో ఫైళ్ళు రెండో డ్రైవ్‌లోకి కాపీ అయ్యేదాకా ఆ లాప్‌టాప్‌ని ఎవరి చేతికీ ఇవ్వకండి.