ఆసు పోసిన చేతులు

ప్రియమైన పిల్లలూ,

మీ బడిలో సైన్స్ ఫెయిర్ ఉందనీ, మనుషులకు పనికొచ్చే యంత్రం గురించి చెప్పాలనీ మొన్న ఫోన్ చేశారు. రోబో చేద్దామనుకుంటున్నాం అన్నారు. చెయ్యండి, మంచిదే. కానీ మన పక్క ఊళ్లో పుట్టిన యంత్రం ఒకటుంది, ఆసు యంత్రం. దాని సంగతి ఫోన్‌లో చెబితే తెమలదు, అందుకే ఈ ఉత్తరం.

ముందు ఆసు అంటే ఏంటో తెలియాలి. పోచంపల్లి చీర మీద మీరు చూసే డిజైన్ నేశాక అద్దింది కాదు. నేయకముందే, దారంగా ఉన్నప్పుడే దానికి రంగులు పడతాయి. పేక దారాన్ని, అంటే చీరకు అడ్డంగా నేసే దారాన్ని, లెక్క ప్రకారం వరసలుగా పరిచి, గుర్తులు పెట్టి, రంగు అంటకూడని చోట సైకిల్ ట్యూబు నుంచి కోసిన సన్నటి రబ్బరు ముక్కలతో బిగించి కడతారు. తర్వాత రంగులో ముంచుతారు. ఎన్ని రంగులుంటే అన్నిసార్లు కట్టడం, విప్పడం, ముంచడం. ఆ దారాన్ని మొట్టమొదట లెక్క తప్పకుండా పరిచే పనే ఆసు పోయడం.

చెక్క చట్రానికి ఒక చివర మేకు ఉంటుంది. దానికి ఎదురుగా అర్ధచంద్రాకారంలో మేకుల వరస. మధ్యలో ఇంచుమించు మీటరు దూరం. దారం పట్టుకున్న చెయ్యి ఇక్కడి నుంచి అక్కడికి, అక్కడి నుంచి ఇక్కడికి తిరుగుతూనే ఉండాలి. ఒక చీరకు చెయ్యి దాదాపు 9,000 సార్లు అలా పోయి రావాలి. నాలుగైదు గంటల పని. రోజుకు రెండు చీరలకు పోస్తే 18,000 సార్లు. మా ఇళ్లలో ఇది ఆడవాళ్ల పని.

మా అమ్మ రోజూ రెండు చీరలకు పోసేది. సాయంత్రం నాకు జడ వేయడానికి ఆమె కుడిచెయ్యి లేచేది కాదు. తలుపు పైగడియ ఎడమచేత్తోనే తీసేది. అటక మీది డబ్బాలన్నీ ఒక్కొక్కటిగా నేల మీదికి వచ్చేశాయి. బడి సెలవుల్లో నేనూ పోశాను. ఒకసారి ఒక వరస తప్పాను. రెండు గంటల పోత మొత్తం విప్పి మళ్లీ మొదలుపెట్టాం. అమ్మ నన్ను ఒక్క మాట అనలేదు, భుజం పట్టుకుని కాసేపు కళ్లు మూసుకుంది.

ఆ నొప్పిని మేమెవరం జబ్బు అనుకోలేదు. ఆసు పోస్తే భుజం పోతుంది, అంతే అనుకున్నాం. ఇప్పుడు తలుచుకుంటే ప్రాణం ఉసూరుమంటుంది.

ఆలేరు దగ్గర శారాజీపేటలో చింతకింది మల్లేశం గారు అలా అనుకోలేదు. ఆయన బడి చదువు చిన్నప్పుడే ఆగిపోయింది. వాళ్లమ్మ లక్ష్మి గారికి భుజాలు, మోచేతులు పనికి రాకుండా పోతుంటే చూడలేక, 1992లో ఈ పని చేసే యంత్రం కోసం మొదలుపెట్టారు. ఇంజనీరింగ్ తెలియదు. డబ్బు లేదు. అప్పులయ్యాయి. నలుగురూ నవ్వారు. మధ్యలో హైదరాబాద్ వెళ్లి పని చేసుకుంటూ, మిగిలిన డబ్బుతో ఒక్కో భాగం చేసుకుంటూ వచ్చారు. ఒకచోట ఎంతకీ చిక్కుముడి వీడలేదు. పని మీద హైదరాబాద్‌లోని బాలానగర్ వెళ్లినప్పుడు అక్కడ ఒక యంత్రంలో తనకు కావలసిన కదలిక కనిపించింది. 1999లో ఆసు యంత్రం పూర్తయింది. దానికి వాళ్లమ్మ పేరే పెట్టారు, లక్ష్మీ ఆసు యంత్రం అని. నాలుగైదు గంటల పని గంటన్నరకు వచ్చింది. 2017లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు.

మీరు గమనించాల్సింది వేగం ఒక్కటే కాదు. ఈ యంత్రం ఏ పని తీసుకుంది, ఏ పని వదిలేసిందో చూడండి. భుజాన్ని అరగదీసే పని తీసుకుంది. గుర్తు ఎక్కడ పెట్టాలి, ముడి ఎంత బిగించాలి, మగ్గం మీద పేక ఒక నూలుపోగంత పక్కకు జరిగితే ఎలా సర్దాలి, ఇవన్నీ మనిషికే వదిలేసింది. ఇంట్లో ఒక మూలన పట్టేస్తుంది. నేసేది మళ్లీ కరెంటు అక్కరలేని చేతిమగ్గం మీదే. యంత్రం వచ్చిందని మగ్గం మూలపడలేదు.

అన్ని యంత్రాలూ ఇలా ఉండవు. మా డిజైన్లనే పాలిస్టర్ గుడ్డ మీద అచ్చుకొట్టి పోచంపల్లి అని అమ్మేవాళ్లున్నారు. చీరలాంటి కొన్ని రకాలు చేనేతకే వదలాలని 1985లోనే చట్టం వచ్చింది. అయినా బజారులో ఏం జరుగుతుందో మీరే చూస్తారు. ఈసారి కొట్టుకు వెళ్తే చీర తిరగేసి చూడండి. దారానికే రంగు వేస్తే రెండు వైపులా ఒకేలా ఉంటుంది, డిజైన్ అంచులు కొద్దిగా చెదిరినట్టుంటాయి. అచ్చుకొట్టింది మామూలుగా వెనక వెలిసినట్టుంటుంది.

ఇంకో సంగతి దాచను. ఆసు నొప్పి తగ్గింది గానీ రంగుల పని అలాగే ఉంది. కుతకుతలాడే తొట్టిలో రసాయనం రంగు, దాంట్లో దారం చిలపలు, అంటే దారం చుట్టలు. మా వీధిలో రంగులద్దే పెద్దాయన గోళ్ల కింద నీలం ఎన్నడూ పోలేదు. తొట్టి కడిగిన నీళ్లు కాలువలోకే పోతాయి. ఆ నీళ్లు చూస్తే నాకు భయం. మీకు రసాయనశాస్త్రం చెప్పే సారును ఆ నీళ్ల గురించి అడగండి.

ఒకసారి ఎవరో వచ్చి రంగులద్దేవాళ్లకు రబ్బరు తొడుగులు పంచి వెళ్లారు. పెద్దాయన ఒక్కరోజు వేసుకున్నారు. దారం రంగు పట్టిందో లేదో వేళ్లకు తెలియడం లేదమ్మా అన్నారు నాతో. పైగా వేడినీళ్లు మణికట్టు దగ్గర లోపలికి దిగి, ఇంకా ఎక్కువ కాలిందట. ఇచ్చినవాళ్లు ఆయన పని చేస్తుంటే పక్కన కూర్చుని పూటసేపు చూసుంటే ఈ రెండూ తెలిసేవి. ఆ తొడుగులు ఇప్పటికీ తొట్టి పైన మేకుకు వేలాడుతున్నాయి.

మీ
అమ్మమ్మ