చెప్పి మరీ ఇచ్చే సర్‌ప్రైజ్

పిల్లలూ,

మొన్న ఫోన్లో ఒక ప్రశ్న వేశారు. "అనుకోనిది జరుగుతుందని ముందే అనుకుంటే, ఇక అది అనుకోనిది ఎలా అవుతుంది తాతయ్యా?" అని. నేను మాట దాటేశాను. తెలియక కాదు, ఫోన్లో తెమిలే సంగతి కాదని.

ఒక టీచర్ అన్నారనుకోండి: "వచ్చే వారం సోమవారం నుంచి శుక్రవారం లోపు ఒక రోజు టెస్ట్ పెడతాను. ఏ రోజో ముందు రాత్రి కూడా మీకు తెలియదు." క్లాసులో ఒక చురుకైనవాడు లెక్క వేశాడు. గురువారం దాకా పెట్టకపోతే శుక్రవారమేనని ఆ రాత్రే తెలిసిపోతుంది, కాబట్టి శుక్రవారం కుదరదు. శుక్రవారం పోయింది గనుక చివరి రోజు గురువారం. అదే లెక్కన అదీ పోయింది. అలా వెనక్కి వెళ్లి సోమవారం కూడా కొట్టేసి, టెస్టే లేదని హాయిగా పడుకున్నాడు. బుధవారం ప్రశ్నపత్రం చేతికొచ్చింది. వాడు నోరు తెరిచాడు. టీచర్ మాట అక్షరాలా నిజమైంది!

ఇది ఎవరో ఊరికే అల్లిన పొడుపుకథ అనుకోకండి. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో, 1943-44లో, స్వీడన్ రేడియోలో ఒక ప్రకటన వచ్చింది: ఈ వారం పౌర రక్షణ కసరత్తు ఉంటుంది, ఏ రోజో ఎవరికీ ముందు తెలియదు అని. అందులో తిరకాసు ఉందని లెనార్ట్ ఎక్‌బామ్ అనే గణితవేత్త పట్టుకున్నాడు. 1948 నుంచి పత్రికల్లో దీనిమీద వాదులాట మొదలైంది. నన్నడిగితే అందులో సగం జుట్టు పీక్కోవడమే.

నాకు నచ్చింది 1953లో అమెరికా తత్వవేత్త క్వైన్ చెప్పిన మాట. కుర్రవాడి తప్పు మొదటి మెట్టులోనే ఉందంటాడు. గురువారం రాత్రి వాడి ముందు రెండు దారులున్నాయి: రేపు టెస్ట్ ఉండొచ్చు, లేదా టీచర్ మాట తప్పి అసలు పెట్టకపోవచ్చు. ఏదో తేల్చుకోలేనప్పుడు, తెలిసిపోయింది అనడానికి లేదు. అంటే శుక్రవారాన్ని కూడా కొట్టేయకూడదు. పైగా, టెస్ట్ లేదని వాడు నమ్మడం వల్లే కదా వాడికి అంత ఆశ్చర్యం!

ఇంకా తికమకగా ఉంటే ఐదు రోజులు వదిలేసి ఒక్క రోజుతో ఆడి చూడండి. "రేపు టెస్ట్ ఉంది, కానీ ఉందని మీకు తెలియదు." ఈ మాట నమ్మితే రెండో సగం తప్పవుతుంది. నమ్మకపోతే మొత్తం నిజం కావచ్చు. మీరేం చేస్తారో జవాబు రాయండి.

మీ
తాతయ్య