అసలుదేనా అని అడిగితే సరిపోదు: రంగురాళ్లపై అపోహలు, వాస్తవాలు

ముడిరాళ్లను సానపట్టి అమ్మే మాబోటివారికి తరచూ ఎదురయ్యే ప్రశ్న "ఈ రాయి అసలుదేనా?" అన్నది. దానికి "అసలుదే" అని అబద్ధమాడకుండానే జవాబు చెప్పి, నిమ్మరసం తగిలినా పాడయ్యే కెంపును అంటగట్టవచ్చు. అదే ప్రశ్న పట్టుకుని, తరతరాలు నిలిచే నీలాన్ని నకిలీ అనుకుని అయినకాడికి వదిలించుకున్నవారినీ చూశాను. ఈ రెండు నష్టాలకూ మూలం ఒకే అపోహ.

అపోహ: ట్రీట్‌మెంట్ జరిగిన రాయి నకిలీది.

వాస్తవం: రాయి రంగునో తేటనో మెరుగుపరచడానికి చేసే, ఒకదానితో ఒకటి పోలిక లేని ఎన్నో పనులకు ట్రీట్‌మెంట్ అనేది ఉమ్మడి పేరు. వాటిలో పాతదీ, సర్వసాధారణమైనదీ వేడి చేయడం. శ్రీలంకలో దొరికే గ్యూడా అనే పాలరంగు ముడిరాళ్లను ఒకప్పుడు విలువలేనివిగా చూసేవారు. 1970ల నుంచి థాయ్ వ్యాపారులు వాటిని కొని, 1,600 డిగ్రీల సెల్సియస్ దాకా, ఒక్కోసారి అంతకు మించి వేడి చేసి, మేలైన నీలాలుగా మార్చి అమ్మసాగారు. రాయి లోపల సన్నని పోగుల్లా ఉన్న రూటైల్ అనే ఖనిజం ఆ వేడికి కరిగి, అందులోని టైటానియం స్ఫటికంలో కలిసిపోయి, అక్కడ ముందే ఉన్న ఇనుముతో జతకూడడం వల్ల ఆ నీలిరంగు వస్తుంది. బయటి నుంచి రంగేదీ వేయలేదు కనుక అది ఎండకు వెలవదు, కడిగితే పోదు. 1967లో టాంజానియాలో వెలుగుచూసిన టాంజనైట్ అయితే బజారులో దొరికేదంతా దాదాపు వేడి చేసినదే. వేడి చేయని మంచి నీలం అరుదు గనుక దాని ధర చాలా ఎక్కువగా ఉంటుంది. ధరలోని ఆ తేడా నిజమే గాని, అది అసలుకూ నకిలీకీ మధ్య ఉన్న తేడా కాదు.

ఒకామె తన తల్లి ఉంగరంలోని నీలానికి పరీక్ష చేయించి, "వేడి చేసిన సూచనలు ఉన్నాయి" అన్న ఒక్క వాక్యం చూసి, ఇన్నేళ్లూ మోసపోయామని కుమిలిపోతూ నా దగ్గరికి వచ్చారు. అంతకుముందే ఒక వ్యాపారి ఆ కాగితం చూపించి సగానికి సగం తగ్గించి అడిగాడట. ఆ నివేదికలోనే మొదటి వరుసలో "సహజ నీలం" అని రాసి ఉంది. ఆ మాట ఆమెకు చదివి వినిపించేవారే లేకపోయారు. భయపడినవారిని నేను తప్పుపట్టను. ఆ భయాన్ని బేరానికి వాడుకునేవారిని చూస్తే మాత్రం ఓపిక నశిస్తుంది.

దీనికి రెండో వైపు మరింత ప్రమాదకరం. "అన్ని రాళ్లకూ ఏదో ఒక ట్రీట్‌మెంట్ ఉంటుందిలే" అన్న మాటను నమ్మినవారు సీసపు గాజు నింపిన కెంపును కొంటారు. 2004 ప్రాంతం నుంచి విస్తరించిన ఈ రకంలో, పగుళ్లతో నిండి వెలుగు చొరని నాసిరకం కెంపులోకి సీసం ఎక్కువగా ఉన్న గాజును కరిగించి పోస్తారు. గాజు పగుళ్లను కనబడనివ్వదు గనుక రాయి తేటగా మెరుస్తుంది. కంసాలి ఉంగరం సైజు మార్చడానికి మంట పెట్టినా, ఆమ్లంలో వేసినా ఆ గాజు దెబ్బతిని పగుళ్లు తెల్లగా బయటపడతాయి. నింద మాత్రం పాపం కంసాలి మీద పడుతుంది. పదింతలు చూపే లూప్ (చిన్న భూతద్దం) కింద రాయిని మెల్లగా తిప్పితే పగుళ్ల వెంట నీలిమెరుపులు, గాజులో చిక్కిన గాలిబుడగలు చాలాసార్లు కనిపిస్తాయి.

ఈ రెండింటి మధ్య మరికొన్ని ఉన్నాయి. టైటానియాన్ని బయటి నుంచి చొప్పించిన నీలంలో రంగు పైపొరకే పరిమితం. మిథిలీన్ అయొడైడ్ అనే ద్రవంలో ముంచి చూస్తే పలకల అంచుల వెంట రంగు గీతలు గీసినట్టు తేలుతుంది. 2000ల తొలినాళ్లలో థాయ్‌లాండ్ నుంచి వెల్లువెత్తిన, బెరీలియం అనే మూలకాన్ని వేడితో చొప్పించిన రాళ్లలో రంగు చాలా లోతుకు పోతుంది, అందువల్ల లూప్‌తో తేల్చడం చాలాసార్లు కుదరదు, మూలకాలను కొలిచే ల్యాబ్ పరీక్ష కావాలి. రేడియేషన్‌తో పసుపెక్కించిన నీలజాతి రాయి వెలుతురులో వెలిసిపోతుంది. రేడియేషన్‌తోనే నీలంగా మారిన టోపాజ్ రంగు మాత్రం నిలుస్తుంది. అందుకే పద్ధతి పేరు ఒక్కటే వింటే చాలదు, ఏ రాయికి చేశారో కూడా తెలియాలి. పచ్చల పగుళ్లలో నూనె నింపడం మామూలే, కానీ అది కాలక్రమంలో ఎండిపోతుంది, నగలను శుభ్రం చేసే అల్ట్రాసోనిక్ యంత్రంలో వేస్తే బయటికి వచ్చేస్తుంది.

అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ మార్గదర్శకాలు ట్రీట్‌మెంట్ శాశ్వతం కాకపోయినా, రాయికి ప్రత్యేక జాగ్రత్త అవసరమైనా, విలువపై గణనీయమైన ప్రభావం ఉన్నా కొనుగోలుదారుకు చెప్పి తీరాలంటాయి. ఎక్కడ కొన్నా ఆ మూడింటినే ప్రశ్నలుగా అడిగి, జవాబులను బిల్లు మీద రాయించుకోండి.

అపోహ: మళ్లీ సానపడితే రంగు తగ్గింది కనుక అది రంగు వేసిన రాయే.

వాస్తవం: కావచ్చు, కాకపోనూవచ్చు. సహజ నీలాల్లో రంగు చాలాసార్లు సమంగా పరుచుకుని ఉండదు, ఒక మూల చిన్న మచ్చలా ఉంటుంది. తెలివైన సానకారుడు ఆ మచ్చను రాయి అడుగుమొన దగ్గరకు వచ్చేలా కోస్తాడు. అక్కడి పలకల మీద వెలుగు తిరిగి వచ్చేటప్పుడు పైనుంచి రాయంతా నీలంగా కనిపిస్తుంది. ఆ మొనను కొంచెం అరగదీసినా రంగు మాయమవుతుంది. ఏ ట్రీట్‌మెంటూ లేని నీలం తిరిగి సానపట్టాక వెలవెలబోవడం నేను కళ్లారా చూశాను. దాని యజమాని రాయిని మార్చేశారని పనివాడితో గొడవకు దిగాడు.

మిగిలిన పుకార్ల గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. ల్యాబ్‌లో పెంచిన కెంపు గాజు కాదు, రసాయనికంగా అది కెంపే, 1902లో ఫ్రెంచ్ రసాయన శాస్త్రవేత్త వెర్నూయ్ కెంపును తయారుచేసే తన పద్ధతిని ప్రకటించినప్పటి నుంచి అది బజారులో ఉంది, కనుక గీత పడుతుందేమోనని గీకి చూసే పరీక్షతో తేలేదేమీ ఉండదు, రాయి అంచు విరగడం తప్ప. లోపల మచ్చలున్నాయి కాబట్టి సహజమైనదేనన్న నమ్మకమూ అంతే. గుర్తింపు నివేదిక రాయి ఏమిటో చెబుతుంది, సాధారణంగా ధర చెప్పదు. బరువు ఎక్కువైతే రాయి మంచిదనుకునేవారు దాన్ని అచ్చుకాగితం మీద ఎత్తిపట్టి చూడాలి: కింది భాగాన్ని మరీ పల్చగా కోస్తే, వెలుగు వెనక్కి తిరగకుండా నడిమధ్య నుంచి జారిపోయి, రాయిలోంచి కాగితం మీది అక్షరాలు కనబడతాయి.